సున్నా చూపని కాటా

పాస్టరు జ్ఞానరాజయ్య రిజిస్టరు నా తట్టు తిప్పినాడు.
పేరు: మునిరత్నం. ఊరు: మురకంబట్టు.
పని: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీ కాటా.
చివరి గడి కాడ పెన్ను ఆగిపోయింది:
ప్రభువు వైపు తిరిగిన తేదీ.

ఇరవై రెండేండ్లుగా గళ్ళు నింపేదే నా బతుకు.
లారీ నెంబరు, వచ్చిన టైము, నిండు బరువు,
ఖాళీ బరువు, తీసివేత.
ఒక్క గడి వదిలినా మేనేజరు ఊరుకోడు.
ఈ గడి మీద మాత్రం
చెయ్యి లేచి, అట్లనే నిలబడింది.

పోయిన ఆడికృత్తిక అని రాద్దునా?
కావళ్ళ జనంలో బస్సు ఇరుక్కోని, వాన పట్టుకుంటే
గ్రీమ్స్‌పేట చర్చి వరండాలో దూరినాను.
దేవుని కోసం కాదు, చొక్కా తడుస్తాదని.
లోపల ఎవరో ముసలామె పాడతా ఉండె, శ్రుతీ గితీ లేకుండా.
అదే మొదలనుకుంటిని.

కాదు. దానికి ముందు, ఆ జూన్‌లోనే,
తవణంపల్లె రైతు ట్రాక్టరుకు
ఎనభై కేజీలు తక్కువ రాసినాను, మేనేజరు కన్ను గీటితే.
బెంగళూర కాయ కేజీ ఆరు రూపాయలు ఆ ఏడు.
ఆయప్ప చీటీని కండ్లకద్దుకోని జోబీలో పెట్టుకునె.
ఆ రాత్రి నిద్ర రాలే.
నాకా, రానిది? పదేండ్లు తక్కువ రాసి
గురక పెట్టినోడికి?
మంచం కోడు పట్టుకోని ఎవరో కూర్చున్నట్టు.
తిట్టలేదు. లెక్క అడగలేదు.
ఊరికే కూర్చున్నట్టు.

ఇంకా ముందుకు, అంటే ఇంకా వెనక్కి,
నీవా వంతెన కింద తాగి పడిన చలికాలం.
తెల్లారి లేస్తే నా మీద గళ్ళ టవాలు.
సంపూర్ణ దాన్ని ఉతికి మడిచిపెట్టింది,
"అడిగేవాళ్ళొస్తే ఇద్దాం" అని.
తొమ్మిదేండ్లాయ. ఎవరూ రాలే.

దానికీ ముందు? మాయమ్మ చెప్తా ఉండె:
మిషను ఆసుపత్రిలో నీలంగా పుట్టినానంట, ఏడవలేదంట.
నర్సమ్మ నోట్లో నోరు పెట్టి ఊదిందంట.
"ఆమె పేరేందిమా?"
"యాడ అడిగితిమి నాయినా,
నువ్వు ఏడిస్తే చాలనుకుంటిమి."
అప్పటికి నాకూ పేరు లేదు.
పిలిచేదానికి నోరుండె, గాలి లేదు.
మొదటి గాలి నాది కాదు.

పని నేర్పిన దామోదరం మొదలియారు అనేవాడు:
"పొద్దున్నే సున్నా పెట్టాల రా.
పలక మీద మట్టుంటే ఊడ్చాల, నీళ్ళుంటే తుడవాల.
లేకుంటే ఊరందరి బరువూ తప్పే."
నన్ను గూడా ఆ లెక్కనే తూచుకుంటి:
ముందు సున్నా, నేనెక్కినాకే బరువు.
ఎంత ఊడ్చినా సున్నా రాలే.
నేను కాలు పెట్టకముందే
ఏదో నిలబడి ఉండాది ఆ పలక మీద.
ఇన్నాళ్ళూ మట్టనుకుంటి.

ఇదంతా అయ్యకు చెప్పినాను, ముందుది వెనకా వెనకది ముందూ.
ఆయన కండ్లద్దాలు తుడుచుకుంటా,
"ఆ గడి అచ్చేసినోళ్ళు పెట్టింది లేప్పా,"
అని పాత రిజిస్టరు దించి, దుమ్ము కొట్టి,
తన పేరు కాడ వేలు పెట్టి చూపించినాడు.
ఖాళీ.
టీలు తెప్పించినాడు. చల్లారినాక గుర్తొచ్చి తాగితిమి.

ఈ పొద్దు సీజను మొదలు.
ఐదున్నరకు గేటు కాడికి పోతే
బంగారుపాళెం లారీ నిలబడి ఉండాది, బానెట్టు చల్లగా.
"ఎప్పుడొస్తివన్నా?"
"రాత్రి ఒంటిగంటకు."
"హారన్ కొట్టుండచ్చు గదా, ఆ గదిలోనే పండుకోనుంటి."
డ్రైవరు ఆవలించి నవ్వె.
"నువ్వే తీస్తావు లే అని."

తాళంచెవి నా చేతిలోనే ఉండాది.
తియ్యకుండా ఇంకో గంట పండుకున్నా
అడిగేవాడు లేడు.
తిప్పినాను.
తిప్పిన ఈ వేళ్ళు
ఒకప్పుడు నీలంగా ఉండినవి.